రేడియోహెడ్ పాటల్లో వినగా వినగా ఎక్కినవి మీకేవి?

పల్లవిదాటి

వినగానే నచ్చేసే పాటల మీద ఇక్కడ చాలా చర్చలు నడిచాయి. ఈసారి రెండో రకం గురించి మాట్లాడుకుందాం. మొదట విన్నప్పుడు అలా పక్కనుంచి వెళ్లిపోయి, కొన్నాళ్లకు ఏ పనిలో ఉన్నా నోట్లో ఆడుతూ ఉండే పాటలు. నాకు ఈ రకం మీదే మక్కువ ఎక్కువ. వెంటనే నచ్చినవాటిలో చాలా పాటలు నేనిప్పుడు వినడం లేదు. మెల్లగా ఎక్కినవాటిలో ఒక్కటి కూడా దిగలేదు.

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్‌కే పరిమితం చేద్దాం. బ్యాండ్లన్నీ కలిపితే చర్చ కాస్తా జాబితాలైపోతుంది. పైగా ఇలా నిదానంగా ఎక్కే పాటలు వీళ్ల దగ్గర ఉన్నన్ని ఇంకెవరి దగ్గరా నాకు దొరకలేదు. ఒక్క విన్నపం: పాట పేరు రాసి వదిలేయకండి. ఏ చోట, ఏ వాయిద్యం దగ్గర పట్టుకుందో రాయండి.

నాది 'పిరమిడ్ సాంగ్'. 2001లో వచ్చిన 'అమ్నీజియాక్' ఆల్బమ్‌లో రెండో పాట. బ్యాండ్ గాయకుడు టామ్ యార్క్ పియానోతో మొదలవుతుంది. కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుత్తులు) ఒకదాని తర్వాత ఒకటి పడుతుంటాయి కానీ సమం ఎక్కడో అంతుచిక్కదు. కాలు ఆడిద్దామంటే కుదరదు. దాదాపు సగం పాట దాకా డ్రమ్స్ రావు. తర్వాత ఫిల్ సెల్వే అందుకుంటాడు, వెనకాల స్ట్రింగ్స్ లేస్తాయి, అప్పటిదాకా గాల్లో ఉన్న పియానో కాళ్ల కింద ఎవరో నేల పరిచినట్టు ఉంటుంది. నాకు ముందు ఎక్కింది ఆ ఒక్క చోటే. దానికోసం మొదటి సగం ఓపిగ్గా వినేదాన్ని. అలా ఎదురుచూస్తూ వింటూండగా ఆ మొదటి సగమే ఎక్కువ ఇష్టమైపోయింది. ఇప్పుడు డ్రమ్స్ రాగానే 'అప్పుడేనా' అనిపిస్తుంది.

తాళంతో

పల్లవిదాటి గారూ, మంచి పాటతో మొదలుపెట్టారు. ఆ పియానోకి లెక్క ఉందండీ, గట్టి లెక్కే. ఐదు కార్డ్స్‌ని ఒక వరసగా తీసుకోండి. వాటి నిడివి 3, 3, 4, 3, 3. మొత్తం 16. నోటితో చెప్పుకుంటే సులువు:

తకిట తకిట తకధిమి తకిట తకిట

ముందు నుంచి చెప్పినా వెనక నుంచి చెప్పినా అదే వరస. పాశ్చాత్య లెక్కలో ఇది మామూలు 4/4, రెండు బార్లు, అంటే ఎనిమిదేసి అక్షరాల రెండు ఆవర్తనాలు. మరి చెవికి నాలుగు ఎందుకు దొరకదంటే, రెండో బార్ మొదలయ్యే చోట కొత్త కార్డ్ పడదు. మధ్యలో ఉన్న 'తకధిమి' సరిగ్గా ఆ గీత మీద కూర్చుంటుంది: సగం ఇటు, సగం అటు. చెవి ఆసరా వెతుక్కునే చోటే ఆసరా తీసేశారు. పైగా అక్షరాలు సమానంగా కాకుండా ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా ఊగుతాయి.

డ్రమ్స్ వచ్చాక మీకు నేల పరిచినట్టు అనిపించడానికి కారణం ఇదే. సెల్వే ఆ ఊపుని బయటికి వాయించి చూపిస్తాడు. జాజ్ కళాకారుడు చార్లెస్ మింగస్ 'ఫ్రీడమ్' ప్రభావం ఈ పాట మీద ఉందని యార్క్ చెప్పాడు. రెండూ వరసగా వినండి, చుట్టరికం తెలుస్తుంది.

పాతక్యాసెట్

నేను 'లెట్ డౌన్' అంటాను. 'ఓకే కంప్యూటర్', 1997. ఆ ఆల్బమ్ వచ్చిన రోజుల్లో అందరి నోటా 'పారనాయిడ్ ఆండ్రాయిడ్', 'కర్మా పోలీస్'. అవి ఎదురొచ్చి చేయి పట్టుకుని లాక్కెళ్లే పాటలు. ఆ రెంటి మధ్య దాదాపు ఒకే మట్టంలో సాగే 'లెట్ డౌన్'ని ఎవరు పట్టించుకుంటారు? గిటార్లన్నీ కలిసి చిన్న గంటల్లా మోగుతుంటాయి, యార్క్ గొంతు అలిసిపోయినట్టు ఉంటుంది, ఐదు నిమిషాల్లో ఎక్కడా అరుపు లేదు.

దీన్ని బాత్ దగ్గర సెయింట్ కేథరిన్స్ కోర్ట్ అనే పాత భవంతిలో, నాట్యశాలగా వాడే పెద్ద గదిలో తెల్లవారుజామున మూడింటికి రికార్డ్ చేశారు. స్టూడియోలో తెచ్చిపెట్టుకున్న ప్రతిధ్వని కాదు, గది మోగుతోంది. మంచి హెడ్‌ఫోన్స్‌లో విన్నాక ఆ గది ఎంత పెద్దదో చెవికి తెలిసింది. నన్ను పట్టుకున్న చోటు అయితే చివరి చరణం. ఒక గొంతు కింద పాడుతుంటే ఇంకో గొంతు దాని మీదుగా పైకి వెళ్లిపోతుంది. రెండూ యార్క్‌వే. చాలాకాలం నేను ఆ కింది గొంతునే విన్నాను. పై గొంతు వినపడిన రోజు నుంచీ ఆ పాట వేరే పాట.

2025లో ఈ పాట ఆన్‌లైన్‌లో కుర్రాళ్ల మధ్య పాకి, అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లోకి వెళ్లింది. విడుదలైన 28 ఏళ్లకు! ఒక పాట ఒక మనిషికి మెల్లగా ఎక్కడం మామూలే. లోకానికి మెల్లగా ఎక్కడం చూసి నాకు కళ్లు చెమర్చాయి, నిజంగా.

కొత్తశ్రోత

అందరికీ నమస్తే. నాకు రేడియోహెడ్‌లో 'క్రీప్', 'కర్మా పోలీస్' తప్ప ఏవీ తెలియవు. 'కిడ్ ఎ' మొదలుపెట్టాను, మూడో పాటకు ఆపేశాను. నా సందేహం సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. ఏ పాటనైనా పదేపదే వింటే అలవాటు పడతాం కదా? మరి ఇది పాట గొప్పతనమా, మన అలవాటా? నచ్చని పాటని నచ్చేదాకా వినడం ఎందుకు? వినడానికి వేరే బోలెడన్ని పాటలుండగా.

ఎడమచెవి

కొత్తశ్రోత గారూ, ఆగిపోయినందుకు ఏమీ అనుకోనక్కర్లేదు. 2000లో 'కిడ్ ఎ' వచ్చినప్పుడు పేరున్న విమర్శకులు కూడా అక్కడే ఆగిపోయారు. దానికి ముందు మూడు ఆల్బమ్‌లు గిటార్ల మీద నడిచిన బ్యాండ్ అది. ఇందులో చూస్తే గిటార్లు వెతుక్కోవాలి. ఒక్క సింగిల్ (ఆల్బమ్ నుంచి విడిగా వదిలే పాట) విడుదల చేయలేదు, మామూలు పద్ధతిలో వీడియోలు తీయలేదు. అయినా అమెరికాలో మొదటి వారమే నంబర్ 1. రివ్యూలు మాత్రం రెండుగా చీలిపోయాయి. అదే ఆల్బమ్‌ని 2009లో రోలింగ్ స్టోన్ పత్రిక ఆ దశాబ్దపు అత్యుత్తమ ఆల్బమ్‌గా ఎంచుకుంది. ఆల్బమ్ మారలేదు, తొమ్మిదేళ్లలో చెవులు మారాయి.

నాకు ఎక్కింది అందులో మొదటి పాట, 'ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్'. వాయిద్యం ప్రధానంగా ఒకటే, ప్రాఫెట్-5 అనే పాత సింథసైజర్. ఆవర్తనానికి 10 లెక్కలు. అది తెలియక ముందే ఆ పాట ఎక్కింది కాబట్టి లెక్కల సంగతి తాళంతో గారికి వదిలేస్తా. నన్ను లాగింది గొంతు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. యార్క్ పాడుతున్న మాట పూర్తవకముందే అదే గొంతు ముక్కలై, కొన్ని ముక్కలు తలకిందులై, పక్కనుంచి వస్తుంది. అసలు గొంతు ఏది, ముక్క ఏది అని పట్టుకోబోతే పాట అయిపోతుంది. స్పీకర్లో దూరంగా వింటే ఇదంతా కలిసిపోయి ఒక గుయ్‌మనే శబ్దంగా ఉంటుంది. అందుకే చాలామందికి మొదట బోర్ కొడుతుంది.

అదే ఆల్బమ్‌లోని 'ఇడియొటెక్' గురించి కూడా ఒక మాట. గిటారిస్ట్ జానీ గ్రీన్‌వుడ్ దాదాపు 50 నిమిషాల పాటు యంత్రాల మీద ఇష్టమొచ్చినట్టు వాయించి ఆ టేపు యార్క్‌కి ఇచ్చాడు. యార్క్ అందులోంచి చిన్న ముక్క ఏరుకుని పాట కట్టాడు. ఆ నాలుగు కార్డ్స్ స్వరకర్త పాల్ లాన్స్కీ 1973లో కంప్యూటర్ మీద చేసిన సంగీతంలోంచి తీసుకున్నవి. అంత పెద్ద కుప్పలోంచి ఆ కొద్ది సెకన్లని ఏరిన చెవి ఉందే, దానికి దండం పెట్టాలి.

స్థిమితం

కొత్తశ్రోత అడిగినదాంట్లో న్యాయం ఉంది. దాన్ని దాటేయకండి.

రేడియోహెడ్ అభిమానుల్లో ఒక ధోరణి ఉంది. పాట నచ్చలేదంటే 'ఇంకా వినలేదు నువ్వు' అంటారు. అలా అంటే ఏ పాటా ఎప్పటికీ బాగోలేదని చెప్పలేం. నేను ఈ బ్యాండ్‌ని మీ అందరిలాగే ప్రేమిస్తాను, అందుకే చెబుతున్నా: 'కిడ్ ఎ'లోని 'ట్రీఫింగర్స్' నాకు ఎక్కలేదు. ఎడ్ ఒబ్రయన్ గిటార్ శబ్దాలని సాగదీసి చేసిన ట్రాక్ అది, గిటార్‌లా ఎక్కడా వినపడదు. ఎలా చేశారో తెలుసు, ఆల్బమ్ మధ్యలో ఊపిరి తీసుకోవడానికి పెట్టారనీ తెలుసు. 'హౌ టు డిసప్పియర్ కంప్లీట్లీ' తర్వాత వెంటనే ఇంకో పాట పెడితే తట్టుకోలేం, నిజమే. అయినా దాన్ని విడిగా తీసి వినాలని ఇన్నేళ్లలో ఒక్కసారీ అనిపించలేదు.

అలాగే వాళ్ల మొదటి ఆల్బమ్ 'ప్యాబ్లో హనీ'లో సగం పాటలు. ఎన్నిసార్లు విన్నా అవి మొదటిసారి ఎంత ఇచ్చాయో అంతే ఇస్తాయి. అలవాటే కారణమైతే ఇవి కూడా ఎక్కాలి కదా. ఎక్కలేదు. కాబట్టి వినడం ఒక్కటే చాలదు. పాటలో ఏదో దాగి ఉండాలి. ఆ 'ఏదో' ఏంటన్నది తేలిస్తేనే ఈ చర్చకి ఫలితం.

గమనిక

ఇద్దరి మాటల్లోనూ నిజముంది. మనస్తత్వ శాస్త్రంలో దీని మీద పాత పని ఉంది. రాబర్ట్ జాయాన్స్ 1968లో చూపించింది ఇదే: అర్థం లేని మాటలు, చదవలేని అక్షరాలు, తెలియని ముఖాల ఫోటోలు, ఏవైనా సరే ఎక్కువసార్లు ఎదురైతే వాటి మీద ఇష్టం పెరుగుతుంది. పాటలకీ ఇది వర్తిస్తుంది. కొత్తశ్రోత గారు అన్న 'అలవాటు' ఇదే.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. తర్వాత డేనియల్ బెర్లిన్ అనే ఆయన ఇష్టం అలా పెరుగుతూనే పోదని, ఒక ఎత్తుకి చేరి దిగుతుందని చెప్పాడు. తేలిక విషయాల్లో ఆ ఎత్తు త్వరగా వచ్చి త్వరగా దిగిపోతుంది. చిక్కుగా ఉన్నవాటిలో ఆలస్యంగా వస్తుంది. స్థిమితం గారి 'ప్యాబ్లో హనీ'కీ, పల్లవిదాటి గారి 'పిరమిడ్ సాంగ్'కీ తేడా ఇదేనని నాకనిపిస్తుంది.

ఇంకో ముచ్చట. ఎలిజబెత్ మార్గులిస్ అనే పరిశోధకురాలు లూచియానో బెరియో, ఎలియట్ కార్టర్ లాంటి ఆధునిక స్వరకర్తల రచనలు తీసుకున్నారు. అవి కావాలనే ఏదీ తిరిగి రాకుండా కట్టిన సంగీతం. వాటిలో కొన్ని ముక్కల్ని కత్తిరించి, మళ్లీ వచ్చేలా అతికించి వినిపించారు. అసలు రచన కంటే ఈ అతుకుల రచనే వినేవాళ్లకు ఎక్కువ నచ్చింది. పునరావృతానికి అంత బలం ఉంది.

పల్లవిదాటి గారు డ్రమ్స్ కోసం ఎదురుచూశానన్నారే, దానికి కూడా సాక్ష్యం ఉంది. 2011లో మాంట్రియల్‌లో చేసిన ఒక అధ్యయనంలో, ఇష్టమైన సంగీతం వింటున్నప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనం రెండు చోట్ల విడుదలవుతుందని తేలింది. ఇష్టమైన ఘట్టం వచ్చినప్పుడు ఒక చోట, అది రాబోతోందని ఎదురుచూస్తున్నప్పుడు ఇంకో చోట. మొదటిసారి వినేవాడికి రెండోది ఉండే అవకాశం తక్కువ. ఏం రాబోతోందో తెలిస్తే కదా ఎదురుచూడటం.

తాళంతో

గమనిక గారూ, ఆ చివరి పేరా చదివి ఒక్కసారి ఆగాను. స్థిమితం గారు అడిగిన 'ఏదో'కి నా జవాబు కూడా అక్కడే ఉంది. చెవి ముందుగా ఊహించగలగాలి, కానీ పూర్తిగా కాదు. 'పిరమిడ్ సాంగ్'లో 3-3-4-3-3 తెలిసిపోయినా ఆ ఊపు నా వేళ్లకి ఇప్పటికీ పూర్తిగా చిక్కదు. ప్రతిసారీ ఎక్కడో ఒక చోట పియానో నా అంచనా కంటే వెంట్రుకవాసి ముందో వెనకో పడుతుంది. అది ఉన్నంతకాలం ఆ పాట పాతబడదు.

కాలిన్‌పక్షం

అందరూ యార్క్, జానీల గురించే రాస్తున్నారు. నా ఓటు బేస్ గిటార్ వాయించే కాలిన్ గ్రీన్‌వుడ్‌కి. పాట 'న్యూడ్'.

2007లో 'ఇన్ రెయిన్‌బోస్' వచ్చింది. మీకు తోచినంత ఇచ్చి డౌన్‌లోడ్ చేసుకోండి అన్నారు గుర్తుందా, అక్టోబర్ 10న. ఆ గోలలో పాటల గురించి మాట్లాడుకోవడమే తక్కువైంది. 'న్యూడ్' అప్పటికే పాత పాట. 'ఓకే కంప్యూటర్' రోజుల్లోనే మొదలుపెట్టి, 1998లో వేదికల మీద కూడా పాడి, రికార్డ్ చేయబోతే కుదరక పక్కన పెట్టేశారు. దాదాపు పదేళ్లు. దాన్ని మళ్లీ నిలబెట్టింది కాలిన్ కొత్తగా కట్టిన బేస్ లైన్ అని వాళ్ల నిర్మాత నైజెల్ గాడ్రిచ్ చెప్పాడు.

మొదట్లో నేను అందరిలాగే ఆ పాటలో గొంతునే విన్నాను. అంత అందమైన గొంతు వినపడుతుంటే ఇంకేం వినాలనిపిస్తుంది? ఒకసారి గొంతుని పట్టించుకోకుండా బేస్ వెంట మాత్రమే నడిచాను. కాలిన్ ఎక్కడా తొందరపడడు. ఒక స్వరం వేసి, దాన్ని మోగనిచ్చి, అది ఆరిపోకముందే మెల్లగా పైకి పాకి మళ్లీ కిందికి వస్తాడు. గొంతు సాగదీసిన చోట ఇతను కదులుతాడు, గొంతు కదిలిన చోట ఆగుతాడు. ఇద్దరు మనుషులు ఒకరి మాటకి ఒకరు చోటిస్తూ మాట్లాడుకోవడం ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఫోన్ స్పీకర్లో ఈ బేస్ దాదాపు మాయమైపోతుంది. ఆ పాట నచ్చలేదన్నవాళ్లని నేను మొదట అడిగేది 'దేంట్లో విన్నారు' అనే.

పల్లవిదాటి

కాలిన్‌పక్షం గారూ, మీరు 'న్యూడ్' పదేళ్ల సంగతి రాశాక నాకు ఇంకో దారి తోచింది. మనకే కాదు, ఈ పాటలు ఆ బ్యాండ్‌కి కూడా మెల్లగా ఎక్కాయి!

'ట్రూ లవ్ వెయిట్స్' చూడండి. 1995లో బ్రస్సెల్స్ వేదిక మీద మొదటిసారి పాడారు. 2001లో లైవ్ రికార్డింగుల ఆల్బమ్‌లో గిటార్‌తో ఒంటరిగా పాడింది వచ్చింది. స్టూడియోలో కుదిరిన రూపం మాత్రం 2016లో, 'ఎ మూన్ షేప్డ్ పూల్' చివర్లో. 21 ఏళ్లు పట్టింది. గిటార్ పోయి పియానో వచ్చింది, ఒక పియానో మీదకి ఇంకో పియానో చేరి రెండూ కాస్త ఎడంగా నడుస్తాయి. గిటార్ రూపంలో అది బతిమాలుకునే కుర్రాడి పాట. పియానో రూపంలో అదే మాటలు, అదే మనిషి, కానీ జవాబు రాదని తెలిసిన వయసు.

పాత రూపమే బాగుందనేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రెండోవైపు. కాకపోతే పాతది తెలియకుండా కొత్తది వింటే దాని బరువు సగమే తెలుస్తుంది. రెండూ వినాలి, ఆ వరసలోనే వినాలి.

లూప్‌లోపల

'ది కింగ్ ఆఫ్ లింబ్స్' పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నా. 2011, ఎనిమిది పాటలు, 37 నిమిషాలు. వచ్చినప్పుడు అభిమానులే పెదవి విరిచారు. 'ఇంతేనా, రెండో భాగం ఉందా' అని వెతికారు.

ఇందులో మొదటి పాట 'బ్లూమ్' నాకు ఎక్కడానికి ఆల్బమ్ చాలలేదు. వాయించినదాన్ని ముక్కలుగా తీసుకుని, లూపులుగా తిప్పి కట్టిన పాటలివి. 'బ్లూమ్'లో ఒక పియానో ముక్క తిరుగుతుంటుంది, దాని మీద డ్రమ్స్ తొక్కిసలాటలా వచ్చిపడతాయి, బేస్ వేరే దారిలో పోతుంటుంది. దేన్ని పట్టుకుని నడవాలో తెలియదు. తర్వాత అదే ఏడాది వాళ్లు లైవ్ కార్యక్రమం 'ఫ్రమ్ ద బేస్‌మెంట్' కోసం ఈ ఆల్బమ్ మొత్తాన్ని లైవ్‌గా వాయించారు. ఆ లూపులని మనుషుల చేతుల్తో వాయించాలంటే ఒక్క డ్రమ్మర్ చాలడు. అందుకని మరో బ్యాండ్ పోర్టిస్‌హెడ్‌తో వాయించే క్లైవ్ డీమర్‌ని తెచ్చుకున్నారు. సెల్వే, డీమర్ పక్కపక్కన కూర్చుని వాయిస్తుంటే ఎవరి చేయి ఏ శబ్దం చేస్తోందో కళ్లతో చూడొచ్చు. అది చూశాక ఆల్బమ్‌కి తిరిగొస్తే గజిబిజి అనుకున్నది కాస్తా ఇద్దరు ముగ్గురు మనుషులుగా విడిపోయింది.

అందుకే నా అభిప్రాయం: ఒక పాట ఎక్కకపోతే అదే రికార్డింగ్‌ని అరగదీయొద్దు. వేరే రూపం వెతకండి. లైవ్, అకూస్టిక్, ఏదైనా. ఈ బ్యాండ్ విషయంలో అది చాలాసార్లు పనిచేస్తుంది.

స్థిమితం

లూప్‌లోపల గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నా, 'బ్లూమ్'తో సహా. 'ఫెరల్' విషయంలో మాత్రం ఆ లైవ్ కూడా నన్ను కదిలించలేదు. అలా కొన్ని ఉంటాయి, ఉండనిద్దాం. నచ్చనివి నచ్చలేదని చెప్పగలిగితేనే నచ్చినవాటి గురించి చెప్పే మాటకి విలువ.

సగంచీకటి

రూపాల మాట వచ్చింది కాబట్టి 'లైక్ స్పిన్నింగ్ ప్లేట్స్'. ఇదీ 'అమ్నీజియాక్'లోదే. 'ఐ విల్' అనే ఇంకో పాట రికార్డ్ చేస్తూ, కుదరక, టేపుని వెనక్కి తిప్పి విన్నారు. వెనక్కి నడిచే ఆ రాగమే బాగుందనుకున్నారు. యార్క్ దాని మీద కొత్త మాటలు పాడి, వాటిని తలకిందులు చేసి, ఆ తలకిందుల శబ్దాన్ని నేర్చుకుని మళ్లీ పాడి, దాన్ని మళ్లీ తిప్పాడు. కాబట్టి మనం వినే గొంతు ముందుకే నడుస్తుంది కానీ ప్రతి మాట అంచులూ తప్పుగా ఉంటాయి. మాట మొదలవ్వాల్సిన చోట ఊదినట్టుగా, ఆగాల్సిన చోట పీల్చినట్టుగా.

ఆల్బమ్‌లో ఇది నాకు చాలాకాలం ఒక ప్రయోగంగానే మిగిలింది. తర్వాత వేదిక మీద పియానోతో పాడిన రూపం విన్నాను, పల్లవిదాటి గారు చెప్పిన ఆ 2001 లైవ్ ఆల్బమ్‌లోనే ఉంది. ఇంత సొగసైన రాగం ఇందులో ఉందా అని ఆశ్చర్యం. ఇప్పుడు ఆల్బమ్ రూపం వింటే ఆ తిరగబడ్డ శబ్దాల వెనక పియానో లేకపోయినా నాకు వినపడుతుంది. రెండిట్లో ఏది ఎక్కువ ఇష్టమంటే ఆల్బమ్‌దే అంటాను. పియానో రూపం తలుపు తీసింది, అంతే.

'ఐ విల్' సంగతి కూడా చెప్పాలి. దాన్ని వదిలేయలేదు. 2003లో 'హెయిల్ టు ద థీఫ్'లో రెండు నిమిషాల పాటగా వచ్చింది.

ఎడమచెవి

కొత్తశ్రోత గారూ, ఉన్నారా? ఇంతమంది ఇన్ని పాటలు చెప్పేసరికి భయపడి వెళ్లిపోయారేమో అని టెన్షన్‌గా ఉంది. అన్నీ ఒకేసారి వినొద్దు. ఒక్క పాట తీసుకోండి. పూర్తిగా వినండి, స్పాటిఫైలో స్ట్రీమ్‌గా లెక్కపడే 30 సెకన్లు చూసి తీర్పు చెప్పకండి. 'పిరమిడ్ సాంగ్' మొదటి 30 సెకన్లలో మీకు కనిపించేది పియానో, కాస్త కూనిరాగం, అంతే.

కొత్తశ్రోత

వెళ్లలేదండీ, వింటున్నా. పాతక్యాసెట్ గారు రాసింది చదివి 'లెట్ డౌన్' తీసుకున్నాను. చీకట్లో, హెడ్‌ఫోన్స్‌తో, ఫోన్ బోర్లా పెట్టి.

నిజాయితీగా చెబుతున్నా, ఇంకా నాకు పూర్తిగా ఎక్కలేదు. మధ్యలో ఒక నిమిషం ధ్యాస ఎటో పోయింది కూడా. కానీ చివరి చరణం దగ్గర మీరు చెప్పిన ఆ పై గొంతు వచ్చింది. మీరు ముందే చెప్పకపోతే గిటార్ అనుకునేవాణ్నేమో. కింది గొంతుని వదిలేసి దాని వెంట వెళ్లాను. అది ఆగాక పాట అయిపోయిందేమో అనుకున్నా, కాలేదు, చివర్లో ఇంకేవో చిన్న చిన్న ఎలక్ట్రానిక్ శబ్దాలు మిగిలాయి. వెంటనే మళ్లీ పెట్టాలనిపించింది. పెట్టలేదు, రేపటికి ఉంచుకున్నా. అలా ఉంచుకోవాలనిపించడం కూడా ఎక్కడంలో భాగమేనా?

స్థిమితం గారికి థ్యాంక్స్. నచ్చకపోయినా ఫర్వాలేదని ఒకరు చెప్పాకే ధైర్యంగా విన్నాను.

పాతక్యాసెట్

భాగమే తమ్ముడూ! రేపు విను, తొందరేం లేదు. ఈసారి ధ్యాస పోయిన ఆ నిమిషంలోనే రెండో గిటార్ ఏం చేస్తోందో చూడు. ఎడమకి ఒకటి, కుడికి ఒకటి ఉంటాయి. ఎడమచెవి గారు ఇందులో నాకంటే బాగా దారి చూపిస్తారు.

తాళంతో

కొత్తశ్రోత గారూ, రేపు వినేటప్పుడు మొదటి అర నిమిషం ఇంకో పని కూడా పెట్టుకోండి. గొంతు రాకముందు ఆ గంటల్లాంటి గిటార్ ఉంటుంది చూడండి, అది మిగతా వాయిద్యాల లెక్కలో నడవదు. అవి నాలుగేసి, ఇది ఐదేసి. కాలితో నాలుగు వేస్తూ, గిటార్ వెంట నోటితో 'తకతకిట' అనుకోండి. మొదట్లో కాలూ నోరూ కొట్టుకుంటాయి, ఫర్వాలేదు. లెక్క ప్రకారం రెండూ 20 దగ్గర కలవాలి. పాటలో అంతదాకా ఆగారా, లేక జానీ ముందే మలుపు తిప్పేశాడా? విని మీరే ఇక్కడ రాయండి.